తమ్ముడి గొంతు పోయిన రోజు

పోయిన వారం మనం సిస్టరక్కను ప్రదర్శన స్టాల్లో తెర వెనక, ముక్కాలిపీట మీద, చేతిలో తుడుపుగుడ్డతో వదిలి వచ్చాం. ఆమె అక్కడెందుకు కూర్చుందో కొత్తగా కథలో అడుగుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోదాం.

ఇరవైరెండేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి ఆమె. అక్కడ అందరికీ సిస్టరు. ఇంట్లో తమ్ముడికి అక్క. ఉద్యోగం మానేసి, తండ్రి పెట్టిన చక్రాల వర్కుషాపులో తమ్ముడికి సాయంగా చేరాక, పనివాళ్లు ఆ రెండు పిలుపుల్నీ ఒకటి చేసి సిస్టరక్క అనేశారు. ఆస్పత్రి మంచాలకూ ట్రాలీలకూ వేసే చక్రాలే వాళ్ల సరుకు. కిర్రుమనని చక్రం కావాలి, రోగిని కుదపని చక్రం కావాలి అని ఆమె రెండేళ్లు చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా, తండ్రి కాలం నుంచీ లేత్ మిషను మీద పనిచేస్తున్న లేత్ మామయ్య పద్దెనిమిది చక్రాలు పాడుచేసి పంతొమ్మిదో దాన్ని సాధించాడు. దానికి బేరింగుకూ చక్రానికీ మధ్య మెత్తటి రబ్బరు కట్టు ఉంటుంది. నేల మీది కుదుపు ఆ కట్టు దగ్గరే ఆగిపోతుంది, మంచం దాకా రాదు.

ఆ చక్రాన్ని పట్టుకుని నలుగురూ ఆస్పత్రి సామాన్ల ప్రదర్శనకు వచ్చారు. సిస్టరక్క, తమ్ముడు, తమ్ముడి భార్య, లేత్ మామయ్య. నాలుగు రోజుల ప్రదర్శన. ఎదుటి స్టాలు పెద్ద కంపెనీవాళ్లది. మీ వర్కుషాపును మాలో కలిపేసుకుంటాం, ఇకమీదట చక్రాల మీద మా ముద్రే పడుతుంది అని రాసిన కాగితం ఆ కంపెనీ అప్పటికే తమ్ముడి చేతిలో పెట్టింది. నాలుగో రోజు సాయంత్రానికి అవునో కాదో తేల్చాలి. ఇక్కడ సొంతంగా ఆర్డర్లు దొరికితే కాదనొచ్చు. దొరక్కపోతే తండ్రి పేరు చక్రాల మీంచి చెరిగిపోతుంది, పనివాళ్లు పదకొండు మందీ వేరేవాళ్ల మనుషులైపోతారు.

అందుకని తమ్ముడు ముందుజాగ్రత్తగా ఒక మాటల మాస్టారును పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పడమే ఆయన వృత్తి. ఆయన ఒక పేజీ ప్రసంగం రాసిచ్చాడు. అర నిమిషంలో అప్పజెప్పాలి, నవ్వు చెదరకూడదు, కరపత్రం చేతిలో పెట్టి పంపాలి. సిస్టరక్కను తెర వెనక కూర్చోబెట్టమన్నది కూడా ఆయనేనని తమ్ముడు చెప్పాడు. రెండు రోజుల్లో ఎనిమిది వందల కరపత్రాలు పంచారు. రెండో రోజు సాయంత్రం సిస్టరక్క హాలు గుమ్మం దగ్గరి చెత్తడబ్బాలోకి తొంగి చూస్తే, పైనుంచి కింద దాకా అవే ఉన్నాయి. మూడో రోజు పొద్దున, ఎదుటి కంపెనీ పాటల హోరు మీంచి రెండు రోజులు అరిచిన తమ్ముడు "నమస్కారం" అనబోయాడు. గాలి వచ్చింది. మాట రాలేదు. అక్కడ ఆగాం.

"నోరు తెరువు," అంది సిస్టరక్క.

ఫోను లైటు వేసి గొంతులోకి చూసింది. తమ్ముడికి నలభైమూడేళ్లు. అయినా అక్క గడ్డం పట్టుకోగానే బడిపిల్లాడిలా తల పైకెత్తాడు.

"నిప్పులా ఉంది. ఇవాళా రేపూ నోరు మెదపకు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చేటు."

తమ్ముడు గబగబా బల్ల మీది రాతపుస్తకం లాక్కుని రాశాడు. 'మరి ఎవరు మాట్లాడతారు?'

"నా వైపు చూడకండి," అంది మరదలు. "నలుగురిలో నిలబడితే నాకు నా పేరే గుర్తురాదు."

"నాకు ఇనుముతో మాట్లాడ్డమే వచ్చు," అన్నాడు లేత్ మామయ్య. "అదీ తిట్టడమే ఎక్కువ."

ముగ్గురి చూపులూ సిస్టరక్క మీదికి తిరిగాయి. తమ్ముడు భార్య వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత జేబులోంచి మాస్టారి పేజీ తీసి అక్క చేతిలో పెట్టి, రాతపుస్తకంలో రాసి చూపించాడు. 'అక్షరం పొల్లుపోకూడదు.'

సిస్టరక్క తుడుపుగుడ్డ మడిచి పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తెర తీసుకుని ముందుకు వచ్చి నిలబడింది.

గేట్లు తెరిచారు. జనం వరసల్లోకి పారారు. మొదట వచ్చినాయన్ని చూసి ఆమె నవ్వు తెచ్చుకుని అందుకుంది. "నమస్కారం సార్. ముప్ఫైయేడు సంవత్సరాల అపార అనుభవంతో, అంతర్జాతీయ ప్రమాణాలతో..." 'అంతర్జాతీయ' దగ్గరికి వచ్చేసరికి ఆయన రెండు స్టాళ్లు దాటిపోయాడు. రెండో ఆయన కరపత్రం తీసుకుని దానితో విసురుకుంటూ వెళ్లిపోయాడు. మూడో ఆయన ప్రసంగమంతా ఓపిగ్గా విని, "బాత్రూములు ఎటువైపండీ?" అని అడిగాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. తిన్నగా వెళ్లి, రక్తపరీక్షల మిషన్ల దగ్గర ఎడమకు తిరగమంది. ఆయన చేతులు జోడించి మరీ థాంక్స్ చెప్పాడు.

"రెండు రోజుల్నించీ మన స్టాల్లో ఒకళ్లకి పనికొచ్చిన మాట ఇదే," అన్నాడు వెనకనుంచి లేత్ మామయ్య.

సిస్టరక్కకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. మాస్టారి పేజీ మడిచి బల్ల సొరుగులో పడేసింది. తమ్ముడు కళ్లు పెద్దవి చేశాడు. ఆమె చూడనట్టే ఊరుకుంది.

అప్పుడు వచ్చిందొక అమ్మాయి. ముప్ఫై దాటి ఉండవు. మెత్తటి అడుగున్న తెల్లబూట్లు, బిగించి ముడేసిన జుట్టు. స్టాలు దగ్గర ఆగలేదు కూడా, ఎదుటి కంపెనీ తెర మీద బొమ్మలు చూస్తూ ఊరికే నిలబడింది. నిలబడి, కుడిచేత్తో ఎడమ మణికట్టు నొక్కుకుంటోంది.

"ఎన్నాళ్లనుంచమ్మా?" అంది సిస్టరక్క.

"ఏంటండీ?"

"ఆ నొప్పి. మంచాలు తోసి తోసి వచ్చిందే కదా?"

అమ్మాయి చెయ్యి ఆగింది. "మీకెలా తెలుసు?"

"నాదీ ఎడమే." సిస్టరక్క తన మణికట్టు చూపించింది. "మంచం కుడికి లాగుతుంటే ఎడమ చేత్తో దాన్ని ఆపుతూ తోస్తాం. ఆపడానికే సగం బలం సరిపోతుంది."

"లాగడమా! మా మూడో వార్డులో ఒకటుందండీ. దానికి మొండిమేక అని పేరు పెట్టాం. పోదాం రమ్మంటే గోడకేసి పోతుంది." అమ్మాయి స్టాల్లోకి వచ్చేసింది. తను లోపలికి వచ్చానని తనకే తెలియదు. "ఎక్స్‌రే గదికి ఈ పాటి గడప ఉంది. కాలు విరిగి వచ్చినవాళ్లని దాని మీంచి తీసుకెళ్లాలి. దాటేముందు మేమే చెప్తాం, బాబూ పళ్లు బిగపట్టుకో అని. అయినా కేక పెడతారు. ఆ కేక వినలేక నేను వేరేవాళ్లని పంపించేదాన్ని కొన్నాళ్లు."

వెనక తమ్ముడు రాతపుస్తకం ఎత్తి ఊపుతున్నాడు. 'ప్రసంగం!!' అని దాని నిండా రాసి ఉంది.

"ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా," అంది సిస్టరక్క. "మా మరదలు రాసుకుంటుంది. అడ్రసు తర్వాత. ముందు నువ్వు అన్నది అన్నట్టుగా."

మరదలు పుస్తకం తెరిచింది. నలుగురిలో నోరు లేవని మనిషే గానీ, ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. 'పళ్లు బిగపట్టుకో అని మేమే ముందు చెప్తాం' అని రాసుకుంది.

స్టాలు మధ్యలో మంచం ఉంది. నాలుగు కాళ్లకూ కొత్త చక్రాలే. "తోసి చూడు," అంది సిస్టరక్క. హాలు దారికి అడ్డంగా, కరెంటు తీగలు తొక్కకుండా రబ్బరు గట్టు పరిచి ఉంది, ఇంచుమించు గడపంత ఎత్తు. లేత్ మామయ్య మంచమెక్కి కూర్చున్నాడు, బరువుకు. అమ్మాయి రెండు చేతులూ బిగించి తోసింది. మంచం సాఫీగా కదిలింది. ఒక చెయ్యి తీసేసింది. మంచం గట్టెక్కి దిగింది. మామయ్య ఒళ్లో పెట్టుకున్న కళ్లజోడు చెక్కుచెదరలేదు.

అమ్మాయి మంచాన్ని వెనక్కి తెచ్చి ఆపింది. ఎడమ మణికట్టు ఒకసారి తిప్పి చూసుకుంది.

"మా మేట్రన్ గారు కూడా వచ్చారు, అటుపక్క ఉన్నారు," అంది. "తీసుకొస్తాను. మీరెక్కడికీ పోరుగా?"

పది నిమిషాల్లో మేట్రన్‌తో పాటు మరో నలుగురు నర్సులు వచ్చారు. సిస్టరక్క ఎవరికీ చక్రం గురించి ముందు చెప్పలేదు. మీ వార్డులో మంచం ఎక్కడ మొరాయిస్తుంది, ఎక్కడ అరుస్తుంది, ఎవరి నడుం పోయింది, ఇదే అడిగింది. మరదలు రాస్తూ పోయింది. మాటలు ఊరికే పుస్తకంలో పడి ఉండటమెందుకని సిస్టరక్కకు తోచింది. మిగిలిన కరపత్రాల కట్ట విప్పి, వెనక ఖాళీగా ఉన్నవైపు తిప్పి, లావుపాటి మార్కరుతో ఒక్కొక్క దాని మీద ఒక్కొక్కరి మాట రాసి, స్టాలు గోడకు గుచ్చడం మొదలుపెట్టింది.

'ట్రాలీ వస్తుంటే వార్డంతా లేచి కూర్చుంటుంది.'

'ఆపరేషను గదికి వెళ్లేలోపే మా నాన్నకు కళ్లు తిరిగాయి.'

'మొండిమేక.'

దారినపోయేవాళ్లు ఆగి చదవసాగారు. ఒకాయన మూడు కాగితాలు చదివి, "ఇది మా ఆస్పత్రి గురించి ఎవరు చెప్పారు మీకు?" అని కోప్పడ్డాడు. మీది కాదండీ అని నచ్చజెప్పి, మీదేంటో చెప్పండి అని అడిగితే, పావుగంట నిలబడి చెప్పి, తన మాట తనే రాసి గోడకు గుచ్చి మరీ వెళ్లాడు. నిన్నటిదాకా చెత్తడబ్బాలోకి పోయిన కాగితాలే అవి.

తమ్ముడు ఒక మూల నిలబడి ఇదంతా చూస్తున్నాడు. మాట్లాడే వీలు లేదు కాబట్టి వినక తప్పలేదు. మొదట్లో ప్రసంగం, ప్రసంగం అని పుస్తకం ఊపినవాడు పదకొండయ్యేసరికి పుస్తకం దించేశాడు. పదకొండున్నరకి చొక్కా చేతులు మడిచి మంచం కాళ్ల దగ్గర కూర్చుని, అడిగినవాళ్లకు ఒక చక్రం విప్పి లోపలి రబ్బరు కట్టు చూపించసాగాడు. పన్నెండుకి వాళ్ల స్టాలు ముందు దారి మూసుకుపోయింది. పక్క స్టాళ్లవాళ్లు కూడా వాళ్ల పనులొదిలి వచ్చి చేరారు.

ఎదుటి కంపెనీ పాటల మోత పెంచింది. తెర మీద చక్రాలు అంతరిక్షంలో తిరిగాయి. సంచుల్లో బహుమతులు పంచే అమ్మాయిలు సంచులు పట్టుకుని మన స్టాలు వైపే చూస్తూ నిలబడ్డారు. చివరికి ఆ కంపెనీ మేనేజరే దిగి వచ్చాడు. కోటు, టై, కాలరుకు చిన్న మైకు. ఆయన వెంట, ఆయన స్టాల్లో అప్పటిదాకా కూర్చున్న పెద్దమనిషి కూడా వచ్చాడు. ఏడు ఆస్పత్రులకు సామాను కొనే అధికారి ఆయన. పొద్దుటి నుంచీ మేనేజరు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వదలడం లేదు.

"అమ్మా, మీ నాటకం బాగుంది," అన్నాడు మేనేజరు నవ్వుతూ, అందరికీ వినపడేలా. "కానీ ఒక మాట. ఇది కొనేవాళ్లు వచ్చే చోటు. వార్డుల్లో తోసుకునేవాళ్లతో కబుర్లు పెట్టుకుంటే మీకేం వస్తుంది? సంతకం పెట్టేది వాళ్లు కాదుగా."

మణికట్టు నొప్పి అమ్మాయి మొహం కందిపోయింది. మేట్రన్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. ఇరవైరెండేళ్లలో ఎంతమంది ఇలా అన్నారో సిస్టరక్కకు లెక్క లేదు. అన్నప్పుడల్లా తల దించుకుని ట్రాలీ తోసుకుంటూ పోయింది. ఇవాళ చేతిలో ట్రాలీ లేదు.

"నిజమే బాబూ," అంది. "సంతకం పెట్టేవాళ్లు మంచం తొయ్యరు. అందుకే మీ చక్రాలు అమ్ముడుపోతున్నాయి."

నవ్వు ముందు మేట్రన్ గారి దగ్గర మొదలైంది. అక్కణ్ణుంచి వరసంతా పాకింది. ఏడు ఆస్పత్రుల అధికారి మాత్రం నవ్వలేదు. తల కొంచెం వంచి సిస్టరక్కనే చూస్తున్నాడు.

మేనేజరు మొహంలో నవ్వు ఉంది గానీ కళ్లలోంచి పోయింది. "మాటలు ఎవరైనా చెప్తారమ్మా. కుదుపు లేదంటారు, రుజువేది? మా దగ్గర గ్రాఫులున్నాయి, తెర మీద చూసుకోవచ్చు. మీ దగ్గరేముంది?"

"గ్రాఫుల్లేవు. మంచముంది. పడుకోండి."

"నేనా?"

"మీరే. కళ్లు మూసుకోండి. మంచం కదిలిందనిపించగానే చెయ్యెత్తండి. అంతకంటే ఏమీ వద్దు."

మేనేజరు చుట్టూ చూశాడు. వందమంది దాకా ఉన్నారు. వెనకే అధికారి. పడుకోనంటే భయపడ్డట్టు ఉంటుంది. "కానివ్వండి, అదెంతపని," అని కోటు గుండీలు విప్పుకుని మంచమెక్కి వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చేతులు కడుపు మీద పెట్టుకున్నాడు.

సిస్టరక్క తల దగ్గర కడ్డీ పట్టుకుంది. అప్పుడే ఆపరేషనైన మనిషిని వార్డుకు ఎలా తీసుకెళ్లాలో ఆమె ఒంటికి తెలుసు. చేతులతో నెట్టకూడదు. పాదాలు నేలకు ఆనించి, ఒంటి బరువును నిదానంగా ముందుకు వంచాలి. మంచం తనంతట తనే బయల్దేరినట్టు ఉండాలి. ఆమె వంగింది. మంచం బయల్దేరింది. జనం నోటి మీద వేళ్లు పెట్టుకుని రెండు పక్కలకూ తప్పుకున్నారు. చక్రాల చప్పుడు లేదు. ఉన్నా మేనేజరుకు వినపడేది కాదు, ఆయన కంపెనీ పాటలే అంత హోరుగా ఉన్నాయి.

మంచం ఆయన స్టాలు దాటింది. థర్మామీటర్ల స్టాలు దాటింది. తీగల గట్టు వచ్చింది. మరదలు కళ్లు గట్టిగా మూసుకుంది. చక్రాలు గట్టెక్కి దిగాయి.

"ఎవరండీ అది మంచానికి ఆనుకుంది?" అన్నాడు మేనేజరు కళ్లు మూసుకునే. "కాస్త జరగండి."

ఆ మాట ఆయన నోట్లోంచే కాదు, వెనక ఆయన స్టాల్లోని నాలుగు పెద్ద స్పీకర్లలోంచి కూడా వచ్చింది. కాలరు మైకు ఆపలేదు. హాలంతా తలలు తిప్పింది. లేత్ మామయ్య భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సిస్టరక్క మలుపు దగ్గర నెమ్మదిగా కుడికి తిప్పింది. మంచం ఏ మొండితనమూ లేకుండా తిరిగింది. వెనక జనం కాలి మునివేళ్ల మీద నడుస్తూ వస్తున్నారు. పళ్ల డాక్టర్ల సామాన్ల స్టాలు దగ్గర ఆమె ఒంటిని వెనక్కి వాల్చి మంచాన్ని ఆపింది.

ఇంకో అర నిమిషం గడిచింది.

"ఏమ్మా, ఇంకా మొదలుపెట్టరా?" అని నాలుగు స్పీకర్లూ కలిసి అడిగాయి. "అవతల నాకు పనులున్నాయి!"

హాలు పగిలిపోయేలా నవ్వారు. మేనేజరు కళ్లు తెరిచాడు. ఎదురుగా, పైకప్పు నుంచి వేలాడుతూ, మనిషంత పన్ను ఉంది. ఆయన దాన్ని చూశాడు. పక్కకు తిరిగి, తనకు ఏమాత్రం పరిచయం లేని స్టాలును చూశాడు. గబుక్కున లేచి కూర్చుని, కాలరు మైకు పీకేసుకున్నాడు. "స్టాల్లో పాటలు ఆపమనండి," అన్నాడు ఎవరితోనో, ఎవరూ లేకుండానే.

చప్పట్లు మొదలయ్యాయి. ముందు నర్సులు కొట్టారు, తర్వాత అందరూ. సిస్టరక్క మంచం కడ్డీ వదలకుండా పట్టుకుని నిలబడింది.

ఏడు ఆస్పత్రుల అధికారి జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. "నేను తోసి చూడొచ్చా?" అని అడిగాడు. మణికట్టు నొప్పి అమ్మాయిని మంచం మీద కూర్చోబెట్టి, స్టాలు దాకా తనే తోసుకుంటూ తీసుకొచ్చాడు. దారిలో గట్టు దగ్గర కావాలని రెండుసార్లు ఎక్కించి దించాడు. వచ్చాక గోడ మీది కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మొండిమేక దగ్గర ఆగి, అది ఏ వార్డని అడిగితే, అమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది.

"అంటే మా ఆస్పత్రే," అన్నాడాయన. "పదిహేనేళ్లుగా నేనే కొంటున్నా ఈ మంచాలు. ఒక్కసారి తోసి చూడలేదు." తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. "ముందు నలభై మంచాలకు వేద్దాం. బాగుంటే మిగతా ఆరు ఆస్పత్రులకూ. ఎన్ని రోజుల్లో ఇవ్వగలరు?"

తమ్ముడు పెన్ను తీశాడు. రాసి, రాతపుస్తకం ఆయన వైపు తిప్పాడు. 'ధరైనా గడువైనా మా అక్క ఎంతంటే అంత.'

సిస్టరక్క అది చదివింది. గొంతు సవరించుకుని, "ముప్ఫై రోజులు," అంది. వెనక్కి చూస్తే లేత్ మామయ్య నాలుగు వేళ్లు చూపిస్తున్నాడు. "కాదు, నలభై. మా మామయ్య తొందరపెడితే చెయ్యడు."

"నలభై మంచాలకి నలభై రోజులు. బాగుంది," అన్నాడాయన, కార్డు తీసి ఇస్తూ.

మధ్యాహ్నం మేనేజరు మళ్లీ వచ్చాడు. ఈసారి మైకు లేదు, కోటు కూడా లేదు. తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు. "జరిగిందేదో జరిగింది. ఆ కాగితం మీద మీ సంతకం..." తమ్ముడు కాగితం తీసి ఆయన చేతిలో పెట్టి, రాతపుస్తకం చూపించాడు. 'వద్దు' అని ఉంది, పేజీ నిండా.

"తొందరపడకండి. ఒకసారి ఆలోచించుకోండి."

తమ్ముడు పేజీ తిప్పాడు. 'ఆలోచించాను' అని ముందే రాసిపెట్టుకున్నాడు.

సాయంత్రం అయిదయ్యేసరికి జనం పలచబడ్డారు. మరదలు పుస్తకంలో అరవైమూడు అడ్రసులు తేలాయి. ప్రతి అడ్రసు పక్కనా వాళ్లన్న మాట, వాళ్లకు ఏం పంపుతామన్నారో, ఏ తేదీలోగా పంపుతామన్నారో. ఎదుటి స్టాలు నుంచి బహుమతులు పంచే ఒకమ్మాయి వచ్చి, "రేపు మా స్టాల్లో కూడా ఇలా అడగమంటున్నారండీ. ఏం అడగాలో కొంచెం చెప్తారా?" అంది. సిస్టరక్క ఆమెకు కుర్చీ వేసి టీ ఇప్పించి పంపింది.

తమ్ముడు వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. చాలాసేపు రాశాడు. కొట్టేశాడు. మళ్లీ రాశాడు. ఇచ్చాడు.

'నిన్ను వెనక కూర్చోబెట్టమన్నది మాటల మాస్టారు కాదు. నేనే. నువ్వు ముందు నిలబడితే చక్రం నీ ఆలోచనేనని అందరికీ తెలిసిపోతుంది. ఇక నాన్న వర్కుషాపులో నాదంటూ ఏముంటుందని అనిపించింది.'

సిస్టరక్క రెండుసార్లు చదివింది. ఇది మాస్టారి పనేనని రెండు రోజులు ఆయన్ను మనసులో తిట్టుకుంది పాపం.

"కోపం వచ్చిందిరా," అంది. "రాలేదని అబద్ధం చెప్పను. నీకు గొంతొచ్చాక కూర్చుని తిడతాను. నువ్వు ఎదురు మాట్లాడలేనప్పుడు తిడితే నాకు తృప్తి ఉండదు." తమ్ముడి భుజాలు నవ్వుతో కదిలాయి, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. ఆమె రాతపుస్తకం అతని ఒళ్లో పెట్టింది. "పన్నెండేళ్లుగా నెలనెలా పదకొండిళ్లలో పొయ్యి వెలిగించింది నేనా? నలభై మంచాలు, నూట అరవై చక్రాలు. రబ్బరు ఎక్కణ్ణుంచి తెస్తావో రాయి, నాకు తెలీదు ఆ సంగతి."

అతను ముక్కు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఇంకో అరగంటలో హాలు మూస్తారనగా ఒక మనిషి వచ్చాడు. నీలం యూనిఫారం, చేతిలో గుడ్డసంచి. ఏదో చిన్న ఆస్పత్రిలో వార్డు పనివాడట. గోడ మీది కాగితాలు ఒక్కొక్కటే చదివాడు. 'ట్రాలీ వస్తుంటే వార్డంతా లేచి కూర్చుంటుంది' అన్నదాని దగ్గర ఆగాడు.

"మా వార్డులో లేవరమ్మా," అన్నాడు.

"అదృష్టవంతులు," అంది సిస్టరక్క. "ఎందుకని?"

అతను సంచిలోంచి ఒక చక్రం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి, ఇదొక్కటే రబ్బరు అరిగింది. ఇలాంటిది దొరుకుతుందేమోనని పొద్దుటి నుంచీ తిరుగుతున్నా. ఏ స్టాల్లోనూ లేదు. మీ మంచానికి ఉందని ఇప్పుడే ఎవరో చెప్పారు."

సిస్టరక్క చక్రం చేతిలోకి తీసుకుంది. వేలితో తిప్పింది. చప్పుడు లేదు. వంచి చూసింది. బేరింగుకూ చక్రానికీ మధ్య రబ్బరు కట్టు. ముద్ర ఎక్కడా లేదు.

"ఎన్నాళ్లయింది ఇవి వేసి?"

"నాలుగేళ్లు దాటింది."

వాళ్ల చక్రం తయారై నాలుగు నెలలు కాలేదు. ఆమె దాన్ని లేత్ మామయ్యకు అందించింది. మామయ్య కళ్లజోడు పెట్టుకుని, ఇరుసు చివర నట్టు దగ్గర బొటనవేలితో తడిమాడు. నట్టు వదులవకుండా దాని అంచున మూడు చిన్న సుత్తిదెబ్బల గుర్తులున్నాయి. ఆయన అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"నేను రెండే వేస్తానమ్మాయ్," అన్నాడు. "మూడు వేసేది నాకు ఈ పని నేర్పిన మనిషి."

"ఎవరు మామయ్యా?"

"మీ బాబాయి."

"బాబాయి పోయి పదిహేనేళ్లయింది."

"పోయాడని మీ నాన్న చెప్పాడు. మనం విన్నాం." మామయ్య చక్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "శవాన్ని మనమెవరమూ చూడలేదు."

తమ్ముడి పెన్ను ఆగిపోయింది. నీలం యూనిఫారం మనిషి ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు.

"పోవడమేంటండీ?" అన్నాడు. "పొడుగ్గా, బక్కపల్చగా ఉంటాడు, ఎడమ చెవి వినపడదు. ఆయనేనా? నెలకోసారి వచ్చి మా మంచాలు బాగుచేస్తాడు. మొన్న కూడా వచ్చాడు. ఈ ప్రదర్శన కాగితం మా ఆస్పత్రికి వస్తే నేనే ఆయనకు చూపించాను, వెళ్లి చూసొద్దాం రమ్మని. కాగితంలో ఒకచోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత పనిముట్లన్నీ ఎక్కడివక్కడే వదిలేసి లేచి వెళ్లిపోయాడు."

అతను గోడకు కట్టిన వర్కుషాపు పేరు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ వేలు పెట్టింది మీ పేరు మీదే అమ్మా. రేపు పొద్దున పదింటికి పనిముట్ల కోసం మా ఆస్పత్రికి వస్తానని కబురు పంపాడు. ఇక ఆ తర్వాత ఈ ఊళ్లోనే ఉండడట."